డూన్‌ఫీనీ రాయి మీద రెండు శిలువలు



ఐర్లండ్ వాయవ్య మూలన మేయో అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే జిల్లా అనుకోండి. దాని ఉత్తరపుటంచున, అట్లాంటిక్ సముద్రపు గాలి ఏడాది పొడుగునా కొట్టే నేలలో, బాలీకాజిల్ అనే చిన్న ఊరుంది. ఊరు దాటి పడమటికి పోతే డూన్‌ఫీనీ అనే చోట ఒక పాత శ్మశానం వస్తుంది. పాడుబడిన చర్చి గోడలు, గడ్డి పెరిగిన సమాధులు, వాటి మధ్య ఒక రాయి. ఎత్తు నాలుగు మీటర్లకు పైనే. సన్నగా, నిటారుగా, ఆ చుట్టుపక్కల మరే రాయీ లేనంత ఎత్తున నిలబడి ఉంటుంది.

ఆ రాతి ఒక ముఖం మీద, ఒకదాని పైన ఒకటిగా, రెండు శిలువలు చెక్కి ఉన్నాయి. రాతి వయసు వేరు, శిలువల వయసు వేరు. రాయి చరిత్రపూర్వ కాలానిదని, దాన్ని నిలబెట్టేనాటికి క్రీస్తు ఇంకా పుట్టలేదని పండితులు భావిస్తున్నారు. శిలువలు ఐర్లండ్‌లో క్రైస్తవం వేళ్ళూనుకున్న తొలి శతాబ్దాలవి. ఎవరో తమ దేవతల కోసమో, తమ చచ్చిపోయినవాళ్ళ కోసమో నిలబెట్టిన రాతిని, ఎన్నో వందల ఏళ్ళు గడిచాక, అదే నేల మీద పుట్టిన మరో తరం కొత్త మతపు గుర్తు వేసి తనదిగా ఉంచుకుంది. కూలదొయ్యలేదు. ముక్కలు కొట్టి చర్చి గోడలో పెట్టుకోలేదు. ఉలి పట్టి రెండు గుర్తులు చెక్కి వదిలేసింది.

ఎందుకలా చేశారన్నదే ఈ పూట నేను మీతో మాట్లాడదలచుకున్న సంగతి.

మామూలుగా దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. పాత దేవుడి నెత్తిన కొత్త దేవుడి జెండా పాతారని, అది గెలుపు గుర్తని కొందరంటారు. కాదు, అది ఓర్పు గుర్తు, ఐర్లండ్ క్రైస్తవం మెత్తని మనసుతో పాతదాన్ని కడుపులో పెట్టుకుందని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ దేశంలో శిలువ వేసిన పాత రాళ్ళను వరసగా చూసుకుంటూ పోతే, వాటి పక్కనే ఆ కాలపు న్యాయగ్రంథాలు పెట్టుకుని చదివితే, నాకు మూడో జవాబు బలంగా కనిపిస్తుంది. అది నేలకు సంబంధించిన జవాబు. ఈ నేల ఎవరిది, ఇక్కడ పడుకున్నవాళ్ళు ఎవరు, ఈ హద్దు లోపల ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నలకు ఆ రాయి సాక్షి. సాక్షిని ఎవరూ చంపుకోరు. తమ వైపు తిప్పుకుంటారు.

ముందు రాళ్ళ సంగతి చూద్దాం. ఐర్లండ్ పొలాల్లో ఇలాంటి నిలువురాళ్ళు వందల్లో ఉన్నాయి. నైరుతిన ఉన్న కార్క్, కెర్రీ కౌంటీల్లో మరీ ఎక్కువ. అక్కడి ఐరిష్ మాటల్లో వీటిని గలాన్ అంటారు. చాలావరకు కంచుయుగానివి. అయితే రాతిని చూసి కాలం చెప్పడం అంత తేలిక కాదు. పశువులు ఒళ్ళు రుద్దుకోవడానికి ఇటీవలి శతాబ్దాల్లో రైతులు పాతిన రాళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. కింద తవ్వితేగాని కథ బయటపడదు.

అలా బయటపడిన కథ ఒకటి చెబుతాను. డబ్లిన్‌కు నైరుతిన కిల్డేర్ కౌంటీలో, గుర్రప్పందాలకు పేరుపడ్డ పంచెస్‌టౌన్ దగ్గర, ఒక గ్రానైటు రాయి ఉంది. అది ఎంతో కాలంగా ఒరుగుతూ ఒరుగుతూ వచ్చి చివరికి 1931లో పడిపోయింది. కొలిస్తే మొత్తం పొడవు ఏడు మీటర్లు, బరువు తొమ్మిది టన్నులకు పైగా తేలింది. 1934లో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఆ సందర్భంలో రాతి మొదట్లో బండలు పేర్చి కట్టిన ఒక చిన్న సమాధి గది కనిపించింది. కంచుయుగం వాళ్ళు తమవాళ్ళను పడుకోబెట్టే తరహా గది అది. లోపల ఏమీ మిగల్లేదు. రాయి మాత్రం మిగిలింది. అన్ని నిలువురాళ్ళ కిందా సమాధులు లేవు. కొన్ని దారి చూపేవి కావచ్చు, కొన్ని హద్దులు కావచ్చు. కానీ రాయీ చనిపోయినవారూ ఒక చోట కలిసి ఉండడం ఆ దేశంలో చాలా పాత అలవాటని పంచెస్‌టౌన్ గట్టిగా చెబుతోంది.

ఆ అలవాటుకు అక్షరం తోడైంది. క్రీస్తుశకం నాలుగైదు శతాబ్దాల నాటికి ఐర్లండ్‌లో ఓగమ్ అనే లిపి వాడుకలోకి వచ్చింది. ఇది రాతి కోసమే పుట్టిందా అనిపించేంత చక్కగా రాతికి సరిపోయే లిపి. రాతి అంచునే గీతగా తీసుకుంటారు. ఆ అంచుకు ఒక పక్కన ఒకటి నుంచి అయిదు దాకా గాట్లు పెడితే అయిదు అక్షరాలు. రెండో పక్కన పెడితే మరో అయిదు. అంచును అడ్డంగా దాటుతూ ఏటవాలుగా పెడితే ఇంకో అయిదు. అంచు మీదే చిన్న నొక్కులు పెడితే అచ్చులు అయిదు. మొత్తం ఇరవై. మామూలుగా కింద నుంచి పైకి చదవాలి. ఇలాంటి శాసనాలున్న రాళ్ళు ఇప్పటికి నాలుగు వందల దాకా తెలుసు. ఐర్లండ్‌లోనే ఎక్కువ. ఐరిష్ వాళ్ళు వలస వెళ్ళిన వేల్స్ వంటి చోట్ల కొన్ని ఉన్నాయి.

అంత కష్టపడి రాతి మీద ఏం రాశారు? దేవుడి స్తుతి లేదు, రాజు ప్రశస్తి లేదు, యుద్ధాల ఊసు లేదు. పేర్లు. ఫలానావాడి కొడుకు ఫలానా, ఫలానా వంశంవాడు. దాదాపు అన్నిటి మీదా ఇదే వరస. మన శాసనాలు చదవడానికి అలవాటు పడ్డవారికి, ఇంత తక్కువ మాటలు చెప్పడానికి ఇంత పెద్ద రాయా అనిపిస్తుంది. కానీ నేల మీద హక్కు చెప్పాలనుకునేవాడికి అంతకంటే ఏం కావాలి? తాత పేరు, తండ్రి పేరు, వంశం పేరు, అవి పాతుకుని ఉన్న చోటు. చాలు.

ఇది ఊహ మాత్రమే కాదు. పాత ఐరిష్ న్యాయగ్రంథాల్లో, భూమి హక్కు రుజువు చేసే సాక్ష్యాల్లో నిలువురాతి మీది ఓగమ్ రాతను కూడా చెప్పారు. ఆ గ్రంథాల్లోనే మరో పద్ధతి ఉంది. ఒక భూమి తన వంశానిదని దావా వేసేవాడు గుర్రాలను తోలుకుని ఆ భూమి సరిహద్దున ఉన్న పూర్వీకుల సమాధి దిబ్బ దాటి లోపలికి అడుగుపెట్టాలి. చనిపోయినవాళ్ళు హద్దు కాస్తున్నారన్నమాట. తనవాళ్ళయితే లోపలికి రానిస్తారు. పరాయివాడైతే అడ్డుపడతారు. ఈ నమ్మకం న్యాయపద్ధతిగా మారిన దేశంలో, సమాధి మీది రాతిని పీకడమంటే ఎవరో ఒకరి పట్టా చింపడమే.

ఇక క్రైస్తవం సంగతి. ఐర్లండ్ ఏనాడూ రోమ్ సామ్రాజ్యంలో భాగం కాలేదు. అక్కడికి క్రైస్తవం సైన్యం వెనకాల నడిచి రాలేదు. క్రీస్తుశకం 431లో, అప్పటికే క్రీస్తును నమ్ముతున్న ఐరిష్ వాళ్ళ కోసం పోపు సెలెస్టీన్ పల్లాడియస్ అనే బిషప్పును పంపాడని ఆ కాలపు చరిత్రలో ఉంది. ఆ శతాబ్దంలోనే పాట్రిక్ వచ్చాడు. బ్రిటన్‌లో పుట్టి, కుర్రతనంలో బానిసగా ఐర్లండ్‌కు ఈడ్చుకురాబడి, ఆరేళ్ళ తరవాత తప్పించుకుని, మళ్ళీ తనంతట తాను అక్కడికే ప్రచారకుడిగా తిరిగివచ్చిన మనిషి. అక్కడ రోమన్ నగరాలు లేవు, రోమన్ రోడ్లు లేవు, అధికారులు లేరు. ఉన్నవి చిన్న చిన్న రాజ్యాలు, వంశాలు, వాళ్ళ భూములు. చర్చి కట్టాలంటే ఏదో ఒక వంశం తన నేలలో ముక్క ఇవ్వాలి. ఆ ఇచ్చిన మాట నిలవాలి. ఇచ్చినవాడు పోయాక వాడి కొడుకులు, మనవలు కాదనకూడదు. ఇక్కడే రాయి అవసరం పడింది.

పాట్రిక్ తాను స్వయంగా రాసుకున్న ఆత్మనివేదన మనకు దొరుకుతుంది. ఐరిష్ వాళ్ళు విగ్రహాలను కొలిచేవారని అందులో ఉంది గానీ, తానొక విగ్రహాన్ని పగలగొట్టినట్టు ఎక్కడా లేదు. పగలగొట్టిన కథలు తరవాతి తరాలు అల్లినవి. వాటిలో బాగా పేరుపడ్డది క్రోమ్ క్రూహ్ అనే దేవత కథ. కావన్ కౌంటీలోని ఒక మైదానంలో వెండి బంగారాలు తాపిన ఒక పెద్ద విగ్రహం, దాని చుట్టూ మరో పన్నెండు. పాట్రిక్ తన చేతికర్ర ఎత్తేసరికి పెద్ద విగ్రహం ఒరిగిపోయింది, చిన్నవి మెడ దాకా నేలలో కూరుకుపోయాయి అని కథ. ఆ ప్రాంతంలోనే కిలీక్లగిన్ అనే చోట, ఒక రాళ్ళ వలయం దగ్గర, మెలికల చెక్కడంతో ఇనుపయుగం నాటి గుండ్రని రాయి ఒకటి పగిలిన స్థితిలో దొరికింది. దాన్ని ఈ కథతో కలిపి చెప్పడం అక్కడ మామూలు. పగలగొట్టింది ఎవరో, ఎప్పుడో రాతి మీద రాసి లేదు.

అయితే అదే పాట్రిక్ చరిత్రలో ఇంకో కథ ఉంది. నాకు దాని మీద ఎక్కువ ఇష్టం. పడమటి ఐర్లండ్‌లో సెల్కె అనే చోట పాట్రిక్‌కు మూడు నిలువురాళ్ళు కనిపించాయట. వాటి మీద మూడు భాషల్లో క్రీస్తు పేర్లు రాశాడట. ఒక రాతి మీద యేసు, ఒక దాని మీద గ్రీకులో సోటెర్, ఇంకో దాని మీద లాటిన్‌లో సాల్వాటోర్. ఈ కథకు పాత రూపం ఏడో శతాబ్దంలో టీరెహాన్ అనే బిషప్పు రాసిన పుస్తకంలోనే ఉంది. అందులో పాట్రిక్ తన పరివారంతో ఆ రాళ్ళ మధ్య బస చేసి, వాటి మీద తన చేత్తో అక్షరాలు రాశాడని మాత్రమే ఉంటుంది. భాషల వివరం తరవాత చేరింది.

ఒకే మహాత్ముడి పేరున రెండు కథలు. ఒకదానిలో కర్ర, ఒకదానిలో కలం. ఏది ఎక్కువగా జరిగిందో తేల్చడానికి పుస్తకాలు అక్కర్లేదు, నేల చూస్తే చాలు. విరిగిన కిలీక్లగిన్ ఒక్కటే. శిలువ వేసుకుని నిలబడ్డ రాళ్ళు దేశమంతా ఉన్నాయి.

ఆ మూడు భాషల కథ ఉన్న పుస్తకానికి త్రిభాగ చరిత్ర అని పేరు. దాన్ని పాత ఐరిష్ నుంచి పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదంతో 1887లో అచ్చు వేయించిన పండితుడు విట్లీ స్టోక్స్. ఈయనకు మన దేశంతో గట్టి సంబంధం ఉంది. డబ్లిన్‌లో పుట్టి, లాయరై, 1862లో మద్రాసు వచ్చి ప్రాక్టీసు పెట్టాడు. తరవాత కలకత్తా వెళ్ళి ప్రభుత్వ న్యాయశాఖలో పైకి ఎదిగాడు. 1877 నుంచి 1882 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లా మెంబరుగా ఉన్నాడు. ఆస్తి బదలాయింపు చట్టం వచ్చింది ఆ 1882లోనే. ఇవాళ గుంటూరులో ఇల్లు కొన్నా, కరీంనగర్‌లో పొలం తనఖా పెట్టినా ఆ చట్టం నీడలోనే జరుగుతుంది. పగలు మన భూముల చట్టాలు, రాత్రి పాత ఐరిష్ వ్రాతప్రతులు. పాత ఐరిష్ భాష మీద ఆయన పుస్తకమొకటి 1866లో కలకత్తాలోనే అచ్చయింది. ఆయన చెల్లెలు మార్గరెట్ స్టోక్స్ కూడా సామాన్యురాలు కాదు. ఐర్లండ్ పల్లెల్లో తిరిగి రాతి శాసనాల బొమ్మలు గీసిన జార్జ్ పెట్రీ కాగితాలను ఆయన పోయాక పరిష్కరించి, 1870ల్లో రెండు సంపుటాలుగా లోకానికిచ్చింది ఆమే. అన్న గ్రంథాలు చదివాడు, చెల్లెలు రాళ్ళు చదివింది. ఐర్లండ్ నేల కథ తెలుసుకోవాలంటే ఇద్దరూ కావాలి.

ఇప్పుడు నా వాదనకు పట్టుకొమ్మ లాంటి రాతి దగ్గరికి వస్తాను. ఆర్మా కౌంటీ దక్షిణపు కొసన, ఇవాళ్టి ఉత్తర ఐర్లండ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో, కిల్‌నసాగర్ట్ అనే చోట పొలంలో ఒక గ్రానైటు స్తంభం ఉంది. దక్షిణాది నుంచి ఉత్తరాదికి పోయే పురాతన రాజమార్గం ఆ కనుమ గుండానే వెళ్ళేది. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ పోయే రైలు ఇప్పటికీ ఆ పక్క నుంచే పోతుంది. స్తంభం వెనక ముఖం మీద వలయాల్లో శిలువలు వరసగా చెక్కారు. అన్నీ కలిపి 13 దాకా ఉన్నాయి. ముందు ముఖం మీద పాత ఐరిష్ భాషలో, లాటిన్ అక్షరాల్లో ఒక శాసనం. దాని సారాంశం ఇది: కేరన్ బిక్ కొడుకు టెర్నోక్ ఈ చోటును అపోస్తలుడు పేతురు రక్షణ కింద సమర్పించాడు. టెర్నోక్ మరణం ఐరిష్ వార్షిక చరిత్రల్లో ఎనిమిదో శతాబ్దం రెండో దశకంలో నమోదై ఉంది. అందువల్ల ఈ శాసనం క్రీస్తుశకం 700 ప్రాంతానిదని చెప్పగలుగుతున్నారు. ఐర్లండ్‌లో కాలం నిర్ణయించడానికి వీలైన క్రైస్తవ శాసనాల్లో ఇది అతి పాతవాటిలో ఒకటి. ఈ స్తంభం అంతకుముందే అక్కడున్న నిలువురాయి అని కొందరి నమ్మకం. అది తేలకపోయినా నా వాదనకు లోటు లేదు. చూడండి, ఆ శాసనంలో ఏముంది? తండ్రి పేరు, కొడుకు పేరు, చోటు. ఓగమ్ రాళ్ళ వరసే. కొత్తగా చేరింది పేతురు పేరొక్కటే. ఇది స్తోత్రం కాదు. దానపత్రం.

ఓగమ్‌లోనే రాసిన క్రైస్తవుడి రాయి కూడా ఉంది. కెర్రీ కౌంటీలో బ్రాండన్ పర్వతం అంచున, అరాగ్లెన్ అనే చోట, మనుషుల జాడ లేని ఎత్తున ఆ రాయి నిలబడి ఉంది. దాని అంచు మీది గాట్లు చదివితే కోమోగాన్ కొడుకు రోనాన్, పురోహితుడు అని వస్తుంది. ముఖం మీద శిలువ. మతం మారింది, వృత్తి మారింది. కానీ ఆ క్రైస్తవ పురోహితుడు తన తండ్రి పేరు చెప్పుకోకుండా తన పేరు చెప్పుకోలేకపోయాడు. కొండ మీద కూడా అతను పాత రాతల పద్ధతిలోనే నిలబడ్డాడు.

ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో ఐరిష్ చర్చి తన నియమాలన్నీ ఒక చోట కూర్చుకుంది. పవిత్ర స్థలాల హద్దులకు గుర్తులు ఉండాలని, క్రీస్తు శిలువ గుర్తు కనిపించిన చోట ఎవరికీ హాని చెయ్యరాదని అందులో ఉంది. ఆ మాట మనసులో పెట్టుకుని డూన్‌ఫీనీ రెండు శిలువల్ని తలచుకోండి. అక్షరాలు లేవు, పేరు లేదు. కానీ ఆ దారిన పోయేవాడికి అవి చదవడానికి చదువు అక్కర్లేదు. ఇక్కడి నుంచి ఇది చర్చి నేల, ఇక్కడ కత్తి దూయకు, ఇక్కడ తలదాచుకున్నవాణ్ణి లాగకు. కొత్త రాయి పాతితే ఆ మాటకు ఇంత బరువు వచ్చేదా? నిన్న పాతిన రాతిని రేపు పీకవచ్చు. తాతల తాతలకు కూడా ఎవరు పాతారో తెలియని రాతిని పీకడానికి ఎవడికి చేతులు వస్తాయి? చర్చికి కావలసింది ఆ రాతి వెనకున్న భయభక్తులు. వాటిని అరువు తెచ్చుకుంది. దీన్ని నేను కపటం అనుకోవడం లేదు. ఆ శిలువ చెక్కినవాడు కూడా ఆ నేల మీద పుట్టినవాడే, అతని ముత్తాతలు కూడా ఆ రాతికి దండం పెట్టినవాళ్ళే.

ఈ రాళ్ళతో మనుషుల వ్యవహారం ఇంకా తెగలేదు. కెర్రీలోనే కిల్‌మాల్‌కేడర్ అనే చోట, పన్నెండో శతాబ్దపు చర్చి శిథిలం ముందు, పైభాగంలో చిల్లు ఉన్న ఒక ఓగమ్ రాయి ఉంది. ఆ చిల్లులో అటొకరు ఇటొకరు వేళ్ళు కలిపి మాట ఇచ్చుకునేవారని అక్కడివాళ్ళు చెబుతారు. పెళ్ళి మాటలు కూడా. మళ్ళీ సాక్ష్యమే!

డోనెగాల్ కౌంటీలోని గ్లెన్‌కొలంకిల్ లోయలో ఏటా జూన్ 9న, సంత్ కొలంబా పండగ నాడు, భక్తులు ఆ లోయంతా చుట్టి వస్తారు. మొత్తం 15 మజిలీలు, అయిదు కిలోమీటర్లకు పైగా నడక. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక్కో మజిలీ దగ్గర శిలువ చెక్కిన రాయో, రాళ్ళ కుప్పో ఉంటుంది. దాని చుట్టూ సూర్యుడు నడిచే దిక్కుగా, అంటే మన ప్రదక్షిణ దిక్కుగానే, మూడుసార్లు తిరిగి ప్రార్థన చెప్పుకుంటారు. ఒక మజిలీలో రాతికి వీపు ఆనించి నిలబడి, లోకాన్ని, శరీరాన్ని, సైతానును వదులుకుంటున్నామని పలుకుతారు. ఆ లోయలో చరిత్రపూర్వ కాలపు సమాధులు కూడా ఉన్నాయి. నడిచేవాడు వాటి పక్క నుంచే నడుస్తాడు. ఏది ఎవరి కాలానిదో లెక్కపెట్టుకుంటూ నడవడు.

చివరగా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఈ రాళ్ళను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న ఐర్లండ్‌లో చాలాకాలంగా నలుగుతోంది. వానకు, గాలికి, నాచుకు గాట్లు అరిగిపోతున్నాయి. పొలాల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కార్క్ విశ్వవిద్యాలయం నడవాలో 28 ఓగమ్ రాళ్ళు భద్రంగా వరస పెట్టి ఉన్నాయి. వాటిని చూసే విద్యార్థికి అక్షరం దొరుకుతుంది గానీ, అది ఏ హద్దున నిలబడేది, ఏ దారి వైపు ముఖం పెట్టేది అన్నది దొరకదు. కిలీక్లగిన్ రాతిని మ్యూజియానికి చేర్చి, ఆ ఊరి రోడ్డు పక్కన నకలు నిలబెట్టారు. అరిగిపోయే రాతిని కాపాడుకోవడం తప్పదని నాకూ తెలుసు. కానీ చోటుకు సాక్ష్యం చెప్పే రాతిని ఆ చోటు నుంచి కదిలిస్తే, సగం సాక్ష్యం పోతుందని నా గట్టి నమ్మకం. అందుకే డబ్లిన్‌లోని ఉన్నత విద్యా పరిశోధన సంస్థ వాళ్ళు చేసిన పని నాకు చాలా నచ్చింది. వాళ్ళు ఓగమ్ రాళ్ళను ఉన్న చోటే ఉంచి, త్రీడీ స్కానర్లతో ఒక్కో గాటునూ కొలిచి, ఆ రూపాలను అందరికీ అందుబాటులో పెట్టారు. కంటికి ఆనని గాట్లు కూడా వెలుగు పడే కోణం మార్చి చూస్తే ఆ తెర మీద తేలుతాయి. రాయి మాత్రం తన పొలంలోనే ఉంటుంది.